డిస్కులు ఎన్ని ఉన్నా ఇంట్లోవాళ్లకు ఒక్క ఫోల్డరే కనిపించాలి

పాత కంప్యూటర్‌ని ఇంట్లో స్టోరేజ్ సర్వర్‌గా పెట్టుకున్నానని, రెండు డిస్కులు ఉన్నాయని, మూడోది కొనబోతున్నానని రాశారు. ఒక్కో డిస్కుకు ఒక్కో షేర్డ్ ఫోల్డర్ పెట్టాలా, అన్నీ కలిపి ఒకటిగా చూపించాలా అన్నది మీ ప్రశ్న. కలిపే చూపించండి. కానీ ఏ ఫైలు ఏ డిస్కులో ఉండాలన్న నిర్ణయాన్ని మాత్రం సాఫ్ట్‌వేర్‌కు వదలకండి. ఇంత గట్టిగా చెప్పడానికి కారణం మా చెల్లి పెళ్లి వీడియో.

కాకినాడలో మా ఇంటి సర్వర్‌ను నడిపే సాఫ్ట్‌వేర్ ఓపెన్ మీడియా వాల్ట్. డిస్కులన్నీ ఒకటిగా కనిపించడానికి మర్జర్‌ఎఫ్‌ఎస్, డిస్కు పోతే కాపాడుకోవడానికి స్నాప్‌రైడ్. డేటాకు రెండు 4 టీబీ డిస్కులు, ఒక 6 టీబీ డిస్కు. ప్యారిటీకి, అంటే ఏదైనా డిస్కు పోతే అందులోవి తిరిగి కట్టడానికి కావాల్సిన లెక్క దాచడానికి, 8 టీబీది ఒకటి. ప్యారిటీ డిస్కు మిగతా వాటిలో పెద్దదానికి సమానంగానైనా ఉండాలి, ఇంకా పెద్దదైనా అయి ఉండాలి. మీరు మూడో డిస్కు కొనేటప్పుడు ఇది గుర్తుంచుకోండి. చవకగా దొరికిందని చిన్నది తెచ్చి ప్యారిటీకి పెట్టడం కుదరదు.

పెళ్లయిన వారానికి వీడియో తీసిన కుర్రాడు రాత్రి తొమ్మిదిన్నరకు హార్డ్ డిస్కు తెచ్చి ఇచ్చాడు. మొత్తం 420 జీబీ. తెల్లారి ఆరింటికి మళ్లీ తనకు కావాలట, అమలాపురంలో ఇంకో పెళ్లి ఉందట. ఇది నాకు మొదటినుంచీ ఉన్న బాధ. పెళ్లి వీడియోకు లక్షలు తీసుకుంటారు, ఒరిజినల్స్ మాత్రం ఒక్క రాత్రిలో కాపీ చేసుకోమంటారు, మర్నాడే ఆ డిస్కు చెరిపేసి వేరే పెళ్లికి పట్టుకెళ్తారు. అడ్వాన్స్ ఇచ్చేటప్పుడే కనీసం నెల రోజులు ఉంచాలని మాట తీసుకోండి.

పది గంటలకు లాప్‌టాప్‌కు తగిలించి, మా షేర్‌లో ఉన్న 'ఫోటోస్' ఫోల్డర్‌లోకి కాపీ పెట్టాను. కేబుల్ మీద సెకనుకు 110 ఎంబీ వస్తోంది, గంటలో అయిపోవాలి. 62 శాతం దగ్గర ఆగింది. స్థలం చాలదని మెసేజ్. అదే తెరమీద, అదే షేర్ పక్కన, 6 టీబీకి పైగా ఖాళీ అని చూపిస్తోంది. మూడుసార్లు ప్రయత్నించాను, మూడుసార్లూ అదే మాట.

జరిగింది ఇది. డిస్కులను కలిపినప్పుడు ఖాళీ స్థలం లెక్క అన్నిటిదీ కూడి చూపిస్తుంది. కానీ కొత్త ఫైలు ఎక్కడ పెట్టాలన్నది మనం ఎంచుకున్న పద్ధతిని బట్టి ఉంటుంది. నేను పెట్టుకున్నది ఈపీఎంఎఫ్‌ఎస్ అనే పద్ధతి: ఆ ఫోల్డర్ ఏ డిస్కుల్లో ఇప్పటికే ఉందో వాటిలోనే, ఎక్కువ ఖాళీ ఉన్నదాన్ని ఎంచుకుంటుంది. మా 'ఫోటోస్' ఫోల్డర్ మొదటి డిస్కులో తప్ప ఎక్కడా లేదు. అందులో మిగిలి ఉన్నది 260 జీబీ చిల్లర. మూడో డిస్కు దాదాపు ఖాళీగా కూర్చుని ఉన్నా దాని వైపు చూడదు.

ఆ సంగతి అర్థమయ్యేసరికి పదకొండున్నర. అప్పుడు కంగారులో చేసిన పనే అసలు తప్పు. హార్డ్ డిస్కును సర్వర్‌కే నేరుగా తగిలించి, రూట్‌గా, అంటే అన్ని అధికారాలూ ఉన్న యూజర్‌గా, లాగిన్ అయి, మూడో డిస్కులో 'ఫోటోస్' అని ఇంగ్లిషులో టైప్ చేసి ఫోల్డర్ చేసి, మిగిలిన 160 జీబీ అందులోకి పంపాను. మొదటి డిస్కులోని పేరు పెద్దక్షరంతో మొదలవుతుంది. నేను కొట్టింది అంతా చిన్నక్షరాల్లో. సర్వర్‌లో నడిచే లైనక్స్‌కు ఆ రెండూ వేర్వేరు ఫోల్డర్లు, లాప్‌టాప్‌లోని విండోస్‌కు ఒకటే పేరు. ఒంటిగంటకు కాపీ పూర్తయింది, పొద్దున్నే కుర్రాడికి డిస్కు ఇచ్చేశాను.

పది రోజుల తర్వాత అమ్మ అడిగింది, "అప్పగింతల వీడియో ఏదిరా? తలంబ్రాల దాకే ఉంది" అని. లాప్‌టాప్‌లో వెతికాను. ఏ వైపు నుంచి తెరిచినా మొదటి డిస్కులోవే వస్తున్నాయి. కుర్రాడికి ఫోన్ చేస్తే అప్పటికే చెరిపేశానన్నాడు. చెల్లి అత్తారింటి నుంచి ఫోన్ చేసి ఏడుపు ఒక్కటే తక్కువ. ఆ రెండు గంటల టెన్షన్ నేను మర్చిపోలేను. చివరికి సర్వర్‌లో లాగిన్ అయి జాబితా చూస్తే రెండు ఫోల్డర్లు ఒకదాని కింద ఒకటి కనిపించాయి, మొదటి అక్షరం ఒక్కటే తేడా. మూడో డిస్కులోకి వెళ్లి పేరు సరిచేశాను, సెకను కూడా పట్టలేదు. అదే డిస్కులో పేరు మార్చడం అంటే ఫైళ్లు కదలవు కదా. వెంటనే షేర్‌లో పెళ్లి మొత్తం ఒకే ఫోల్డర్‌గా వచ్చింది, అప్పగింతలతో సహా. రూట్‌గా చేసిన ఫోల్డర్ కాబట్టి అందులోకి అమ్మ ఫోన్ నుంచి ఏమీ ఎక్కలేదు. యజమాని, అనుమతులు మొదటి డిస్కులో ఉన్నట్టే మార్చాక కుదిరింది.

ఇంకో సంగతి తలుచుకుంటే ఇప్పటికీ గుండె జారుతుంది. ఆ పది రోజులూ నేను స్నాప్‌రైడ్ సింక్, అంటే కొత్త ఫైళ్లను ప్యారిటీ లెక్కలోకి ఎక్కించడం, చేయలేదు. సింక్ చేసిననాటి లెక్కే దాని దగ్గర ఉంటుంది, ఆ తర్వాత వచ్చిన ఫైళ్లకు రక్షణ లేదు. మూడో డిస్కు ఆ మధ్యలో పోయి ఉంటే అప్పగింతలు పోయినట్టే. ఇప్పుడు రోజూ తెల్లవారుజామున దానంతటదే సింక్ అవుతుంది.

అన్ని డిస్కుల్లో ఎక్కువ ఖాళీ ఉన్నచోట పెట్టే ఎంఎఫ్‌ఎస్ అనే పద్ధతి పెట్టుకుంటే ఈ గొడవే ఉండదు కదా అని కొందరు చెప్తారు. నేను ఒప్పుకోను. దానికి ఫోల్డర్‌తో పనిలేదు, ఒక్కో ఫైలునూ ఎక్కడ ఎక్కువ ఖాళీ ఉంటే అక్కడ వేస్తుంది. ఖాళీ సమానంగా ఉన్న డిస్కుల మధ్య ఒకే పెళ్లి ఫోటోలు చెల్లాచెదురవుతాయి. కాపాడుకోలేని పరిస్థితిలో ఒక డిస్కు పోతే జీలకర్ర-బెల్లం ఫోటో ఉంటుంది, పక్కదే అయిన మంగళసూత్రం ఫోటో ఉండదు. ఏవి పోయాయో తేల్చుకోవడానికే నెల పడుతుంది. ఒక వేడుక మొత్తం ఒకే డిస్కులో ఉంటే పోయింది ఇది, ఉన్నది ఇది అని తెలుస్తుంది, దాన్ని బ్యాకప్‌లోంచి తెచ్చుకోవచ్చు.

అందుకే నేను ఈపీఎంఎఫ్‌ఎస్‌నే ఉంచాను, కానీ ఏడాది ఫోల్డర్లు నేనే చేస్తాను. 2022 వరకు మొదటి డిస్కు, 2023 నుంచి మూడోది. ఏడాది ఫోల్డర్ ఏ డిస్కులో ఉందో ఆ ఏడాదివన్నీ అందులోకే వెళ్తాయి. పెళ్లి 260 జీబీని కూడా మూడో డిస్కుకు మార్చాను: ముందు కాపీ, తర్వాత సింక్, ఆ తర్వాతే మొదటి డిస్కులో డిలీట్, మళ్లీ సింక్. ముందే డిలీట్ చేస్తే ఆ మధ్యలో వేరే డిస్కు పోయినప్పుడు దాన్ని పూర్తిగా తిరిగి కట్టలేకపోవచ్చు. ఇంకోటి, మర్జర్‌ఎఫ్‌ఎస్‌లో డిస్కులో కనీసం ఇంత ఖాళీ మిగలాలని పెట్టే లెక్క మామూలుగా 4 జీబీయే ఉంటుంది. వీడియోలు పెట్టే ఇంట్లో అది ఏ మూలకూ చాలదు, నేను 100 జీబీ చేశాను.

పేర్ల గొడవకు నాకు దొరికిన మంచి మందు తెలుగు. షేర్ లోపలి ఫోల్డర్లకు 'ఫోటోలు', 'వీడియోలు', 'కాగితాలు' అని తెలుగులోనే పెట్టాను. తెలుగులో పెద్దక్షరం చిన్నక్షరం లేవు, ఆ తప్పు జరిగే వీలే లేదు. అమ్మ కూడా టీవీలో చదువుకుని తనే తెరుచుకుంటుంది.

డేటాను ముక్కలు చేసి అన్ని డిస్కుల్లో పరిచే రైడ్ 5 అనే పద్ధతి పెట్టుకోండని మీకు ఎవరో ఒకరు చెప్తారు. ఇంటికి వద్దు. వేర్వేరు సైజుల డిస్కులుంటే అన్నిటినీ చిన్నదాని లెక్కలోనే వాడుతుంది, రెండు డిస్కులు ఒకేసారి పోతే మొత్తం పోతుంది. మా పద్ధతిలో రెండు పోయినా మిగిలినదాన్ని తీసి ఏ లైనక్స్ మెషీన్‌కు తగిలించినా మామూలుగా చదువుకోవచ్చు. సీసీటీవీ రికార్డింగ్ మాత్రం ఈ డిస్కుల్లో కలపకండి. అది గంటగంటకూ రాస్తూ చెరుపుతూ ఉంటుంది, స్నాప్‌రైడ్ సరిపడేది మారని ఫైళ్లకే. పాత 500 జీబీ డిస్కు ఏదైనా ఉంటే దానికి విడిగా ఇవ్వండి.

మీకు రెండు డిస్కులే ఉన్నాయి కాబట్టి, మూడోది పెద్దది కొని ప్యారిటీకి పెట్టండి. డిస్కులు లోపల బిగించే ముందే ఒక్కోదాని సీరియల్ నంబర్ చివరి నాలుగంకెలు కాగితం మీద రాసి డిస్కు అంచున అతికించండి. ఏదైనా డిస్కు పాడైన రోజున ఏది పీకాలో సాఫ్ట్‌వేర్ నంబర్‌తోనే చెప్తుంది, అప్పుడు మిగతావాటిని కదపాల్సిన పని ఉండదు.