టేకాఫ్ పొగ తగ్గించాలంటే ఏ కోర్సు?

ప్రశ్న: మా అమ్మాయి ఇంటర్ ఎంపీసీ రెండో ఏడాది. విమానాలు పైకి లేచేటప్పుడు వచ్చే కాలుష్యం, చప్పుడు తగ్గించే పని చేస్తానంటోంది. ఏరోనాటికల్‌లో చేర్పించమంటారా?
– ఒక తండ్రి, శంషాబాద్

జవాబు: ఐఐటీలోనో, తిరువనంతపురంలోని అంతరిక్ష విద్యాసంస్థ ఐఐఎస్‌టీలోనో సీటొస్తే ఏరోస్పేస్‌లో నిశ్చింతగా చేర్పించండి. రాకపోతే మాత్రం, బోర్డు మీద ‘ఏరోనాటికల్’ అని ఉంది కదా అని ఏదో ఒక కాలేజీలో లక్షలు పోయకండి. మంచి కాలేజీలో మెకానికల్ చదివి, ఎంటెక్ ప్రవేశ పరీక్ష గేట్ రాసి, ఎంటెక్‌లో ఇటు రావచ్చు. ఎందుకంటే ఆమె అడిగే సమస్యలో పెద్ద భాగం ఇంజిన్ మంట దగ్గరే ఉంది.

టేకాఫ్‌లో ఆ మంట వేడికి గాలిలోని నైట్రోజన్, ఆక్సిజన్ కలిసి నైట్రోజన్ ఆక్సైడ్లనే కాలుష్య వాయువులు పుడతాయి. చిక్కేమిటంటే, ఇంధనం ఆదా కావాలంటే ఇంజిన్ లోపల ఒత్తిడి, వేడి పెంచాలి. పెంచితే ఈ ఆక్సైడ్లూ పెరుగుతాయి. దహనశాస్త్రం, అంటే ఇంధనం మండే తీరు చదివినవాళ్లకు పని అక్కడే. ఐఐటీ మద్రాస్‌లో దీనికోసం జాతీయ పరిశోధన కేంద్రమే ఉంది.

ఇంజిన్‌ను ముట్టుకోకుండా చేసే పనీ ఉంది. రన్‌వే పొడవుగా ఉండి, విమానం బరువు తక్కువైతే పూర్తి శక్తి అక్కర్లేదు. అప్పుడు బయట 30 డిగ్రీలున్నా పైలట్లు కంప్యూటర్‌లో 50 అని కొడతారు. ఎండ ఎక్కువైతే ఇంజిన్ జోరు తగ్గించాల్సిందే కాబట్టి, ఎండ అంత ఉందనుకుని ఇంజిన్ జోరు తగ్గించుకుంటుంది. అబద్ధమే, కానీ లెక్కగట్టి చెప్పే అబద్ధం! ఆక్సైడ్లు తగ్గుతాయి, ఇంజిన్ అరుగుదలా తగ్గుతుంది. ఈ లెక్కలు వేసేవాళ్లు ఎయిర్‌లైన్స్‌లోని పర్ఫార్మెన్స్ ఇంజినీర్లు. కింద ఊళ్లకు చప్పుడు తగ్గాలంటే ఏ ఎత్తులో శక్తి తగ్గించాలో కూడా వీళ్లే చూస్తారు. మన పిల్లల్లో ఈ ఉద్యోగం పేరు విన్నవాళ్లు తక్కువ.

బీటెక్ వద్దనుకుంటే, ఫిజిక్స్, మ్యాథ్స్‌తో బీఎస్సీ చేసి ఏటీసీ పోస్టులకు, అంటే విమానాల రాకపోకలను నియంత్రించే కంట్రోలర్ ఉద్యోగాలకు పోటీపడొచ్చు. విమానాన్ని మధ్యలో ఒకే ఎత్తులో ఉంచెయ్యకుండా ఒకే ఊపున పైకి పంపితే ఇంధనం మిగులుతుంది. ఆ అనుమతి ఇచ్చేది కంట్రోలరే.

మీ శంషాబాద్‌లోనే 2025 నవంబరులో ఫ్రాన్స్ కంపెనీ సాఫ్రాన్ వాళ్ల లీప్ రకం విమాన ఇంజిన్ల మరమ్మతు కేంద్రానికి ప్రారంభోత్సవం జరిగింది. అది మరమ్మతు, డిజైన్ కాదు. రెంటిలో ఏది ఇష్టమో అమ్మాయినే అడగండి. ఫిజిక్స్‌లో ఉష్ణగతిక శాస్త్రం (థర్మోడైనమిక్స్), కెమిస్ట్రీలో రసాయన గతికశాస్త్రం (కెమికల్ కైనెటిక్స్) ఇష్టంగా చదువుతోందా, మార్కుల కోసం టెన్షన్‌తో బట్టీ పడుతోందా అన్నదీ గమనించండి. ఇష్టంగా చదువుతుంటే మెకానికల్‌కి ధైర్యంగా ఆప్షన్ పెట్టండి.