మట్టి రన్‌వేల మీద తొలి ఉద్యోగం: బుష్ పైలట్ కావాలంటున్న అమ్మాయి తండ్రికి జవాబు

ప్రశ్న: మాది హిందూపురం. ఇరవై ఏళ్లుగా బెంగళూరులో, యలహంక దగ్గర ఉంటున్నాం. మా అమ్మాయి గత ఏడాది కమర్షియల్ పైలట్ లైసెన్సు తెచ్చుకుంది. మొత్తం 210 గంటలు ఎగిరింది. అరవై లక్షల దాకా ఖర్చయింది; అందులో సగం బ్యాంకు అప్పు. బంధువులు ఎయిర్‌బస్ టైప్ రేటింగ్ (ఆ రకం పెద్ద విమానం నడపడానికి కావలసిన ప్రత్యేక అర్హత) చేయించమంటున్నారు. తను మాత్రం ఆఫ్రికా వెళ్లి, రోడ్లు లేని మారుమూల చోట్లకు చిన్న విమానాలు నడిపే బుష్ పైలట్‌గా మొదలుపెడతానంటోంది. బోట్స్‌వానాలో ఉద్యోగం ఇప్పిస్తానని ఒక ఏజెంటు ఆరు లక్షలు అడుగుతున్నాడు. పంపమంటారా?

జవాబు: ముందుగా ఏజెంటు సంగతి తేల్చుకుందాం. అతనికి ఒక్క రూపాయి కూడా ఇవ్వకండి. బోట్స్‌వానాలో చిన్న విమానాల కంపెనీలు పైలట్‌ను ఎదురుగా కూర్చోబెట్టి మాట్లాడి, పక్కన కూర్చుని ఒకసారి విమానం నడిపించి చూసిన తరువాతే తీసుకుంటాయి. వర్క్ పర్మిట్‌కు దరఖాస్తు చేయవలసింది కూడా ఉద్యోగం ఇచ్చే కంపెనీయే. ఈ రెంటిలో ఏదీ ఏజెంటు చేతిలో లేదు కాబట్టి, అతను అమ్ముతున్నది మీ ఆశను మాత్రమే.

ఇక అమ్మాయి కోరిక విషయం. అది పిచ్చి కోరిక కాదు, అయితే ఈ ఏడాదే తీరేది కూడా కాదు. మన డీజీసీఏ (పౌర విమానయాన నియంత్రణ సంస్థ) లైసెన్సుకు కావలసిన 200 గంటలు పూర్తయ్యాయంటే విమానం నడిపి జీతం తీసుకునే అర్హత వచ్చిందని అర్థం. కానీ ఆ అర్హత ఉన్నవారికి విమానం అప్పగించాలా వద్దా అన్నది చాలాచోట్ల ఆ విమానానికి బీమా చేసిన సంస్థ నిర్ణయిస్తుంది. కంపెనీ యజమానికి మీ అమ్మాయి ఎంత నచ్చినా, పైలట్‌కు ఇన్ని గంటల అనుభవం ఉండాలని బీమా పత్రంలో రాసి ఉంటే ఆయన చేయగలిగింది ఏమీ ఉండదు. ఉద్యోగం కోసం రాసేటప్పుడు మర్యాదగా అడగవలసిన మొదటి ప్రశ్న జీతం గురించి కాదు, ఆ గంటల గురించే.

దేశాల వారీగా చూస్తే జాబితా త్వరగానే కుదించుకుపోతుంది. అలాస్కా పేరు వినడానికి బాగుంటుంది గానీ, అమెరికా ఫెడరల్ నిబంధనల 135వ భాగం ప్రకారం చార్టర్ విమానానికి కమాండర్‌గా ఉండాలంటే కంటిచూపు ఆధారంగా ఎగిరే ప్రయాణాలకే కనీసం 500 గంటలు కావాలి, అన్నిటికన్నా ముందు ఆ దేశంలో పనిచేసే హక్కు కావాలి. కెనడా ఉత్తర ప్రాంతాల్లో కొత్త పైలట్లు ముందు నెలల తరబడి, ఒక్కోసారి ఏడాదికి పైగా, ర్యాంప్ మీద, అంటే విమానాలు నిలిపే చోట, సరుకులు ఎక్కించి, మంచు తుడిచి, ఆ తరువాతే కాక్‌పిట్‌లోకి వెళతారు. ఆ పనిలో తప్పేమీ లేదు గానీ, అక్కడ శాశ్వత నివాసం లేని వారికి ఆ వరుసలో నిలబడే వీలు దొరకడమే కష్టం. చివరికి మిగిలేది దక్షిణ, తూర్పు ఆఫ్రికా. అందులోనూ తక్కువ గంటల వారికి తలుపు కాస్త తెరిచి ఉండే ఊరుగా పేరున్నది బోట్స్‌వానాలోని మౌన్. ఆ మేరకు మీ అమ్మాయి సరిగానే విచారించింది.

అక్కడ చిన్న విమానాలకు అంత పని ఎందుకుంటుందో తెలిస్తే ఎప్పుడు వెళ్లాలో కూడా తెలుస్తుంది. అంగోలా కొండల్లో కురిసిన వాన నెలల తరబడి నది వెంట ప్రయాణించి, వానలు ఆగిపోయిన తరువాత, మన ఎండాకాలం ముగిసే వేళకు ఒకవాంగో డెల్టాను నింపుతుంది. ఆ నీటి నడుమ ఉన్న సఫారీ క్యాంపులకు రోడ్డు ఉండదు, ఉన్నా మునిగిపోతుంది. అందువల్ల జూన్ నుండి అక్టోబరు వరకు పర్యాటకులను, కూరగాయలను, క్యాంపు సిబ్బందిని సెస్నా 206, ఎయిర్‌వ్యాన్, కారవాన్ వంటి విమానాలే చేరవేస్తాయి. ఆ రద్దీకి తగిన శిక్షణ ఇచ్చుకోవాలంటే కంపెనీలు సంవత్సరారంభం నుండి ఏప్రిల్ లోపే కొత్తవారిని చూసుకోవాలి. నా దగ్గర సలహా తీసుకుని, ఆ సలహాలో ఈ ఒక్క ముక్కను మాత్రం మరచిపోయిన ఒక కుర్రవాడు నవంబరులో వెళ్లి, కంపెనీ ఆఫీసుల చుట్టూ రెండు నెలలు తిరిగి, డబ్బులైపోయి వచ్చేశాడు. అతనిలో లోపమేమీ లేదు, వెళ్లిన నెలే తప్పు.

మీ అమ్మాయికి ఉపయోగపడే విషయం ఒకటుంది. మౌన్ విమానాశ్రయం సముద్రమట్టానికి సుమారు 3,100 అడుగుల ఎత్తున ఉంటుంది. మన బెంగళూరులోని జక్కూరు ఎయిర్‌ఫీల్డ్ కూడా దాదాపు అదే ఎత్తు. తేడా అంతా వేడిలోనే ఉంది. అక్టోబరులో అక్కడ 40 డిగ్రీలు దాటడం మామూలు. 3,000 అడుగుల ఎత్తున 40 డిగ్రీల ఎండలో గాలి ఎంత పలచబడుతుందంటే, విమానం సుమారు 6,700 అడుగుల ఎత్తున ఉన్నట్టు ప్రవర్తిస్తుంది. పైలట్లు దీన్నే డెన్సిటీ ఆల్టిట్యూడ్ అంటారు. పరుగు పెరుగుతుంది, పైకి లేవడం మందగిస్తుంది, రన్‌వే చివర చెట్లు మాత్రం ఉన్నచోటే ఉంటాయి. బెంగళూరులో ఏప్రిల్ మధ్యాహ్నాలు ఎగిరిన విద్యార్థికి ఇందులో సగం పాఠం ముందే తెలిసి ఉంటుంది. చెన్నైలో సముద్రం పక్కన నేర్చుకున్న వారికి ఆ అనుభవం దొరకదు.

అయినా ఈ 210 గంటలతో ఈ ఏడాదే పంపమని నేను చెప్పలేను. ఆ గంటల్లో ఎక్కువ భాగం పొడవాటి తారు రన్‌వేల మీద, ఖాళీ సీట్లతో, ఇన్‌స్ట్రక్టర్ గీసిన గీతలోపల ఎగిరినవై ఉంటాయి. ముందు ఇక్కడే అసిస్టెంట్ ఫ్లయిట్ ఇన్‌స్ట్రక్టర్ రేటింగ్ చేయించి, ఏడాది, ఏడాదిన్నర పాటు ఏదో ఒక శిక్షణ సంస్థలో పాఠం చెప్పనివ్వండి. కలబురగి, బెళగావి, సేలం మీకు మరీ దూరం కాదు. జీతం ఎయిర్‌లైన్ జీతంలా ఉండదని, అప్పు వాయిదాలో కొంత మీరే భరించవలసి వస్తుందని ముందే అనుకోండి. కానీ విద్యార్థి తప్పుగా దింపబోతున్న విమానాన్ని చివరి క్షణంలో సరిచేయడం రోజుకు పదిసార్లు అలవాటైన చేతికి, చిన్న మట్టి పట్టీ మీద దిగడం అంత కొత్తగా ఉండదు. 600 నుండి 700 గంటలు, అందులో గత మూడు నెలల్లో చురుకుగా ఎగిరిన గంటలు ఉన్న లాగ్‌బుక్‌తో (ఎగిరిన గంటలు రాసుకునే పుస్తకంతో) వెళ్లిన అమ్మాయిని బీమా నిబంధన చూపించి వెనక్కి పంపడం కష్టం. లాగ్‌బుక్‌లో ఏడాది ఖాళీ కనిపిస్తే మాత్రం మొత్తం గంటలు ఎన్ని ఉన్నా ఎవరూ మెచ్చుకోరు.

టైప్ రేటింగ్ గురించి మీ బంధువులు చెప్పేది పూర్తిగా తప్పు కాదు. 2023లో ఎయిర్ ఇండియా 470, ఇండిగో 500 విమానాలకు ఆర్డర్లు ఇచ్చాయి, పైలట్లు కావాలి. కానీ చేతిలో ఉద్యోగ ఉత్తరం లేకుండా అప్పు మీద మరో అప్పు చేసి రేటింగ్ కొనుక్కోవడం నాకు మొదటి నుండీ నచ్చని పని. ఎయిర్‌బస్ రేటింగ్ బుష్ కంపెనీలకు అక్కరలేదు, రేటింగ్ ఉన్నంత మాత్రాన ఎయిర్‌లైన్ పిలుస్తుందన్న హామీ కూడా లేదు. ఇన్‌స్ట్రక్టర్ గంటలు మాత్రం రెండు వైపులా చెల్లుతాయి. అందువల్ల క్లాస్ 1 మెడికల్‌ను (పైలట్ ఆరోగ్య ధ్రువపత్రాన్ని), ఇన్‌స్ట్రుమెంట్ రేటింగ్‌ను (బయట ఏమీ కనిపించనప్పుడు పరికరాలు చూసి ఎగిరే అర్హతను) ఏటా తప్పకుండా పునరుద్ధరించుకోమనండి. రెండో దాన్ని బుష్ ఉద్యోగంలో వాడకపోయినా, రేపు ఎయిర్‌లైన్ వైపు తిరగాలంటే అదే దారి.

దేశం దాటకుండానే చిన్న విమానం నడపాలన్నా దారులు కొన్ని ఉన్నాయి. 2022లో ఒడిశాలోని జయపురం నుండి సెస్నా గ్రాండ్ కారవాన్ విమానాలు మొదలయ్యాయి. అదే ఏడాది ఏప్రిల్‌లో అరుణాచల్‌లోని పాసీఘాట్‌కు హెచ్‌ఏఎల్ డోర్నియర్ 228 సర్వీసు ప్రారంభమైంది. 2024 నవంబరులో విజయవాడ నుండి శ్రీశైలానికి ట్విన్ ఆటర్ సీప్లేన్ ఎగిరింది గానీ అది ప్రదర్శన కోసమే. ఖాళీలు తక్కువే, అయినా మన లైసెన్సుతో, మన పాస్‌పోర్టుతో అడగగలిగిన చోట్లు కాబట్టి ఇలాంటి సర్వీసులు నడిపే కంపెనీలకూ రాయమనండి.

వెళ్లే రోజు వచ్చినప్పుడు ఆరు నెలల ఖర్చు, తిరుగు టికెట్టు చేతిలో ఉండాలి. పర్యాటక వీసా మీద అక్కడ ఏ చిన్న పనీ ఒప్పుకోకూడదు. ఆ తప్పు వర్క్ పర్మిట్ దాకా వెంటాడుతుంది. అక్కడి అధికారులు మన లైసెన్సును డీజీసీఏతో సరిచూసుకున్న తరువాతే అనుమతి ఇస్తారు, అందుకు పట్టే వారాలను కూడా లెక్కలో వేసుకోవాలి. ఉద్యోగం వచ్చాక సామాను మోసేది, తెల్లవారుజామున ఇంధనంలో నీరుందేమోనని కొద్దిగా వంచి చూసేది, దిగేముందు స్ట్రిప్ (మట్టి రన్‌వే) మీద ఒకసారి తక్కువ ఎత్తున వెళ్లి జంతువులను తోలేది అన్నీ పైలటే.

ఈ ఆదివారం అమ్మాయిని కాగితం, కలం తీసుకుని కూర్చోమని ఒక లెక్క ఇవ్వండి. సెస్నా 206లో ఖాళీ బరువు పోను సుమారు 600 కిలోల మోత మిగిలిందనుకుందాం. తను 65 కిలోలు, ఐదుగురు ప్రయాణికులు తలా 80, ఒక్కొక్కరికి 15 కిలోల మెత్తని సంచి. మొత్తం 540. ఇంధనానికి మిగిలేది 60 కిలోలు, అంటే సుమారు 83 లీటర్లు, గంటన్నరకు చాలుతుంది. అందులో అత్యవసరానికి ఉంచుకునే ముప్పావుగంట రిజర్వు తీసేస్తే చేతిలో ఉండేది ముప్పావుగంటే. అవతలి క్యాంపు నలభై నిమిషాల దూరం, స్ట్రిప్ మీద ఏనుగులు నిలబడి ఉన్నాయి, ఆరో సంచి ఒకటి కింద మిగిలి ఉంది, ప్రయాణికుడు దాన్ని కూడా వేసుకోమంటున్నాడు. ఆ మనిషికి తను ఏమని చెబుతుందో విని, ఆ తరువాత నాకు మళ్లీ రాయండి.