పోటు లెక్క సరే, మోకు పట్టేదెవరు?

ప్రశ్న: అన్నా, మాది కావలి. లండన్ పడమటి వైపు హౌన్స్‌లోలో ఉంటున్నాను, వచ్చి పది నెలలైంది. మా ఆఫీసులో ఒకాయనకు నారోబోటు (కాలువల్లో తిరిగే సన్నటి పొడుగు పడవ) ఉంది. ఇప్పుడు కింగ్‌స్టన్ దగ్గర కట్టి ఉంది. దాన్ని బ్రెంట్‌ఫర్డ్ మీదుగా గ్రాండ్ యూనియన్ కాలువలోకి తెచ్చిపెడితే నాలుగు రోజులు వాడుకోమన్నాడు. దారిలో థేమ్స్ నదికి సముద్రపు పోటు తగిలే భాగం ఉందట. పోటు టైములు ఎలా చూడాలి? ఎన్నింటికి బయల్దేరాలి? రూమ్మేట్లకు సెలవు దొరకలేదు కాబట్టి ఒక్కడినే వెళ్దామనుకుంటున్నాను. పడవ నడపడం రెండు వీకెండ్లు నేర్చుకున్నాను.

జవాబు: తమ్ముడూ, పోటు గురించి నాలుగు మాటలు అడిగావు, ఒక్కడినే వెళ్తున్నానని ఒక్క మాటలో తేల్చేశావు. నాకు మాత్రం ఆ ఒక్క మాటే రెండు రోజులుగా మనసులో తిరుగుతోంది. జవాబు పొడుగైనా ఓపిగ్గా చదువు.

మాది ఉలవపాడు పక్కన పల్లె. నేను బయల్దేరినప్పుడు అది ప్రకాశం జిల్లా, 2022లో నెల్లూరు జిల్లాలోకి వచ్చింది. ఊరికి తూర్పున బకింగ్‌హాం కాలువ. మా తాత దాని మీద సరకు పడవల్లో పనిచేశాడు. ఉప్పు, సర్వి కట్టెలు వేసుకుని మద్రాసు దాకా పోయేవాళ్లు. గాలి ఉంటే తెరచాప, లేకపోతే గెడ, అదీ సాగకపోతే గట్టు మీద నడుస్తూ మోకు పట్టి లాగడమే. లండన్ వచ్చిన కొత్తలో ఇక్కడి ప్యాలెస్ చూసి మన కాలువకు పేరు దీన్నుంచే వచ్చిందనుకున్నాను. కాదు. 1876-78 కరువులో కూలి పని కల్పించడానికి ఆ కాలువలో కొంత భాగం తవ్వించారు. అప్పుడు మద్రాసు గవర్నరుగా ఉన్న డ్యూక్ ఆఫ్ బకింగ్‌హాం పేరు దానికి పెట్టారు.

ఇదంతా ఎందుకంటే, కాలువ మన రక్తంలోనే ఉందన్న ధీమా నాకూ ఉండేది. పోటు (నీళ్లు ఎక్కడం), పాటు (నీళ్లు దిగడం), లాకు (తలుపుల మధ్య నీళ్లు నింపి, తీసి పడవను ఎక్కించే, దించే చోటు), మోకు (లావు తాడు) అనే మాటలు పుట్టినప్పటి నుంచీ విన్నవాడిని. 2003లో వచ్చాను. 2008లో నలుగురం కలిసి ఒక పాత నారోబోటులో వాటా కొన్నాం. మన పల్లె నుంచి వచ్చినవాడు లండన్‌లో పడవ నడపడం అప్పట్లో చిన్న విషయం కాదు, ఆ గర్వం నాకు ఇప్పటికీ ఉంది. వాటాదారులం వంతుల వారీగా వాడుకునేవాళ్లం. నా వంతు జూన్‌లో వచ్చింది. మీ వదిన పురిటికి ఒంగోలు వెళ్లింది. ఇల్లు ఖాళీగా ఉంది, ఎవరినైనా పిలవాలని కూడా తోచలేదు. కింగ్‌స్టన్‌కు దిగువనున్న టెడింగ్టన్ నుంచి బ్రెంట్‌ఫర్డ్ దాకా ఐదు మైళ్లు, గంటన్నర పని, ఒక్కడినే చాలనుకున్నాను.

టెడింగ్టన్ లాకు దాటాక థేమ్స్ వేరే నది అనుకో. పైన నీళ్లు ఎప్పుడూ ఒకవైపే పారతాయి. కింద రోజుకు రెండుసార్లు వెనక్కి తిరుగుతాయి. మన తీరంలో పోటు ఎక్కేది ఒక మీటరు అటూ ఇటూ. లండన్ బ్రిడ్జి దగ్గర పెద్ద పోటు రోజుల్లో ఆరేడు మీటర్లు ఎక్కి దిగుతుంది. అంటే రెండంతస్తుల మేడంత. బ్రెంట్‌ఫర్డ్ దగ్గర అంత ఉండదుగానీ, ఒడ్డున బురద బయటపడేంత మాత్రం దిగుతుంది. ఊళ్లో చూసిన పోటుతో దీన్ని అంచనా వేయకు. నేను వేశాను.

నా తప్పు ఇలా జరిగింది. పట్టికలో ఆ రోజు పోటు నిండే సమయం ఉదయం 10 అని ఉంది. బ్రెంట్‌ఫర్డ్ దగ్గర నది నుంచి కాలువలోకి ఎక్కించే థేమ్స్ లాకు, పోటు నిండే సమయానికి రెండు గంటలు ముందు, రెండు గంటలు వెనక మాత్రమే పనిచేస్తుంది. అంటే 8 నుంచి 12 దాకా అని లెక్కేసుకున్నాను. ముందే చేరితే మంచిదని 7:15కు టెడింగ్టన్‌లో తాడు విప్పాను. ఆ పట్టిక గ్రీనిచ్ టైములో ఉందని నాకు తెలియదు. జూన్‌లో ఇక్కడి గడియారం గంట ముందు నడుస్తుంది కాబట్టి 10కి గంట కలపాలి. పైగా ఆ సమయం లండన్ బ్రిడ్జిది. పోటు సముద్రం నుంచి పైకి ఎక్కుతూ రావాలి కదా, బ్రెంట్‌ఫర్డ్‌కు చేరేసరికి ఇంకో గంట పడుతుంది. అంటే అసలు పోటు నిండేది మధ్యాహ్నం 12కి, లాకు తెరిచేది 10కి. టెడింగ్టన్‌లో లాకు చూసే మనిషి ఏదో చెప్పాడు. ఆయన యాస సగం అర్థం కాలేదు. మళ్లీ అడిగితే చిన్నతనంగా ఉంటుందని తలూపేసి బయల్దేరాను. పక్కన ఇంకో మనిషి ఉంటే వాడైనా అడిగేవాడు.

రిచ్‌మండ్ చేరేసరికి నదికి అడ్డంగా గేట్లు దించి ఉన్నాయి. అది 1894లో కట్టిన ఆనకట్ట లాంటిది. పాటులో నది మరీ ఎండిపోకుండా గేట్లు దించుతారు, పోటు నిండే సమయానికి రెండు గంటలు అటూ ఇటూ పైకి ఎత్తుతారు. గేట్లు దించి ఉన్నాయంటే నువ్వు సమయం తప్పావని అర్థం. నాకు ఆ అర్థం తెలియక, పక్కనున్న లాకులోంచి రుసుము కట్టి మరీ దాటాను. దాటాక పోటు నాకు ఎదురు తిరిగింది. ఇంజను గట్టిగా నడిపి 9కి బ్రెంట్‌ఫర్డ్ చేరాను. లాకుకు ఫోన్ చేస్తే ఇంకో గంట ఆగమన్నారు.

ఆగడం ఎలా? కాలువలో అయితే గట్టుకు మేకు కొట్టి పడవ కట్టేస్తాం. నది మధ్యలో ఎక్కడ కడతాం? చుక్కాని వదిలితే పడవ అడ్డం తిరుగుతుంది, వదలకపోతే ముందుకు పోయి లంగరు వేసే వీల్లేదు. అరవై అడుగుల పడవలో చుక్కాని ఒక చివర, లంగరు ఇంకో చివర. ఆ అరవై అడుగుల దూరం ఎంతో నాకు ఆ రోజు తెలిసింది. ఇంజను వేడెక్కింది. వేగం తగ్గించగానే పోటు పడవను వెనక్కి నెట్టింది. ముక్కు వెళ్లి ఒడ్డు బురదలో గుచ్చుకుంది.

అప్పుడు ఫోన్ తీశాను. ఎవరికి చేయాలి? మీ వదినకు చేస్తే నిండు నెలల మనిషిని భయపెట్టినట్టు. పాత రూమ్మేట్‌కు చేశాను, ఎత్తలేదు, ఆదివారం నిద్రలో ఉన్నట్టున్నాడు. ఇంకెవరి నంబరూ తట్టలేదు. ఐదేళ్లుగా ఈ దేశంలో ఉంటున్నాను, ఉద్యోగం ఉంది, పడవలో వాటా కూడా ఉంది, కష్టంలో పిలవడానికి ఒక్క మనిషి లేడు. నీళ్లకంటే నన్ను అదే ఎక్కువ భయపెట్టింది. ఇది రాస్తుంటే ఆ ఉదయం మళ్లీ గుర్తొస్తోంది తమ్ముడూ.

నీళ్లు ఎక్కుతున్నాయి కాబట్టి అరగంటలో పడవ దానంతటదే తేలింది. అదే పాటులో బురద ఎక్కి ఉంటే, మళ్లీ పోటు వచ్చి లేపేదాకా గంటల తరబడి ఒరిగిన పడవలో కూర్చోవాలి. దీన్ని మాత్రం గట్టిగా గుర్తుపెట్టుకో. లాకు కోసం లంగరు వేసుకుని ఆగి ఉన్న ఇంకో పడవలో ఇంగ్లిష్ ముసలి దంపతులు నన్ను చూశారు. దగ్గరికి పిలిచి, మోకు విసిరి, నా పడవను వాళ్ల పడవకు పక్కనే కట్టుకున్నారు. ఆవిడ టీ ఇచ్చింది. ఆయన నా పట్టిక తీసుకుని పెన్సిలుతో గంట కలిపి, ఇంకో గంట కలిపి చూపించాడు. నన్ను ఒక్క మాట అనలేదు. అప్పటి నుంచి ఆయన పోయేదాకా ప్రతి ఏడాదీ కలిసి పడవలు తిప్పాం. మా అబ్బాయి పుట్టాడని ఫోన్ రాగానే నేను మొదట చెప్పింది వాళ్లకే.

ఇక నువ్వు అడిగినవి. లండన్ బ్రిడ్జి పోటు సమయం పోర్ట్ ఆఫ్ లండన్ అథారిటీ పట్టికలో ఉంటుంది. అది గ్రీనిచ్ టైమా, వేసవి టైమా అని మొదట చూడు. ఎండాకాలంలో గ్రీనిచ్ అయితే గంట కలుపు. బ్రెంట్‌ఫర్డ్‌కు ఇంకో గంట కలుపు. ఒక పోటుకూ ఇంకో పోటుకూ మధ్య పన్నెండు గంటల పాతిక నిమిషాలు, అంటే రోజురోజుకూ దాదాపు యాభై నిమిషాలు ఆలస్యమవుతుంది. అమావాస్య, పౌర్ణమి వెళ్లిన ఒకటి రెండు రోజులకు పెద్ద పోటు, అష్టమి దాటాక చిన్న పోటు. మా తాత పంచాంగం చూసి చెప్పిన లెక్క ఇక్కడా అంతే పనిచేస్తుంది, చంద్రుడు ఒక్కడే కదా. మొదటిసారి వెళ్లేవాడికి చిన్న పోటు రోజులే మేలు.

నేనైతే బ్రెంట్‌ఫర్డ్‌లో పోటు నిండే సమయానికి గంటన్నర ముందు టెడింగ్టన్‌లో తాడు విప్పుతాను. అప్పటికి రిచ్‌మండ్ గేట్లు ఎత్తి ఉంటాయి, పారుదల మెత్తబడుతుంది, నీళ్లు నిలబడే వేళకు లాకు ముందుంటాను. ఏదైనా ఆలస్యమైనా ఇంకో రెండు గంటలు చేతిలో ఉంటాయి. కాలువ మూతిలోకి తిరిగేటప్పుడు పారుదలకు ఎదురుగా ముక్కు పెట్టి, నెమ్మదిగా పక్కకు దూరాలి. ఒకవేళ పాటు మొదలైపోయి ఉంటే మూతి దాటి కొంచెం కిందికి పోయి, నదిలో వెనక్కి తిరిగి రావాలి.

వాన సంగతి కూడా చూడు. మీ దగ్గర ఎండ కాస్తున్నా ఆక్స్‌ఫర్డ్ వైపు నాలుగు రోజులు వాన పడితే ఆ నీళ్లన్నీ టెడింగ్టన్ మీదుగానే రావాలి. పై భాగంలో లాకుల దగ్గర ఎన్విరాన్‌మెంట్ ఏజెన్సీ బోర్డులు పెడుతుంది. ఎర్ర బోర్డు ఉంటే ఆ రోజు ప్రయాణం మానుకో. పసుపు బోర్డులో ప్రవాహం పెరుగుతోందని ఉంటే నీలాంటి కొత్తవాడు ఆగిపోవడమే సరి. లంగరు ముందు భాగాన గొలుసుతో సిద్ధంగా ఉండాలి. లైఫ్‌జాకెట్ ఇంట్లోంచే వేసుకో. నది కుదుపులకు డీజిల్ ట్యాంకు అడుగున ఉన్న మడ్డి లేచి ఫిల్టరు మూసుకుపోతుంది, బయల్దేరే ముందు మార్పించు. లైసెన్సు, రేడియో ఎవరికి తప్పనిసరి, లాకుకు ముందుగా ఎలా చెప్పాలి అన్నవి ఆయా సంస్థల సైట్లలో ఉన్నాయి, చూసుకో. పడవ ఆయనది కాబట్టి ఆయన ఇన్సూరెన్సులో నువ్వు నడపవచ్చని, పోటు నీళ్లలోనూ చెల్లుతుందని కాగితం మీద రాయించుకో.

ఈ లెక్కలన్నీ నువ్వు నాకంటే తొందరగా చేస్తావు, ఫోన్‌లో యాప్ కూడా ఉంటుంది. మీ తరం పిల్లలకు లెక్క వస్తే పని అయిపోయినట్టే అనిపిస్తుంది. ముక్కున నిలబడి మోకు పట్టే మనిషిని యాప్ ఇవ్వదు. బ్రెంట్‌ఫర్డ్ దాటాక కూడా హాన్‌వెల్‌లో వరసగా ఆరు లాకులు ఎక్కాలి. ఒక్కొక్క దాని దగ్గరా దిగి, తలుపులు నెట్టి, పడవ లోపలికి తెచ్చి, తలుపులు మూసి, నీళ్లు నింపి, పై తలుపులు తెరిచి పడవ బయటికి తీసి, మళ్లీ తలుపులు మూయాలి. ఒక్కడివే అయితే ఆరోదానికి వచ్చేసరికి చేతులు వణుకుతాయి, అప్పుడే కాలు జారేది. ఒంటరిగా నడిపేవాళ్లు ఉన్నారు, కాదనను. వాళ్లు ఏళ్ల తరబడి నీళ్ల మీద బతికినవాళ్లు.

రూమ్మేట్లకు సెలవు లేదన్నావు. పది నెలల్లో రూమ్మేట్లు కాకుండా ఎవరూ పరిచయం కాలేదా? నాకు దిగులు కలిగిస్తున్నది అదే. ఆఫీసు, రూమ్, రాత్రి ఊరికి వీడియో కాల్ అంటూ నేను ఐదేళ్లు అలాగే గడిపాను. పడవ ఇస్తానన్నాయన్ని ఒక రోజు తనతో రమ్మని అడుగు. కొత్తవాడు అడిగితే ఇక్కడివాళ్లు సంతోషిస్తారు, మనమే మొహమాటపడతాం. ఇక్కడి కాలువలు చూసుకునే కెనాల్ అండ్ రివర్ ట్రస్ట్‌లో లాకుల దగ్గర వాలంటీర్లుగా పనిచేసేవాళ్లుంటారు, చాలామంది రిటైరైనవాళ్లు. శనివారం హాన్‌వెల్ గట్టు మీద నడుస్తూ వాళ్లు కనిపిస్తే పలకరించు. వాతావరణం గురించి రెండు మాటలు చాలు, ఆ తర్వాత వాళ్లే మాట్లాడతారు. నీ వీసాకు వీలుంటే నువ్వూ వాలంటీరుగా చేరు. ఆదివారం గదిలో సినిమాలు చూస్తూ పడుకోవడం కంటే లాకు తలుపు నెట్టడం ఒంటికీ మంచిది, మనసుకూ మంచిది. తూర్పు లండన్‌లోని లైమ్‌హౌస్ నుంచి లండన్ నడిబొడ్డు మీదుగా వచ్చే దారి గురించి ఎవరైనా ఊరిస్తారు, దాని జోలికి ఈ ఏడాది పోకు. అక్కడ పెద్ద పడవల అలలకు నారోబోటు ఊగిపోతుంది.

ఎవరూ కుదరకపోతే వారం ముందు నాకు రాయి. ఆదివారమైతే నేను టెడింగ్టన్ వచ్చి ముక్కున నిలబడతాను. నువ్వు పట్టిక చూసి, బ్రెంట్‌ఫర్డ్‌లో పోటు ఎన్నింటికి నిండుతుందో లెక్కేసి, ముందు రోజు రాత్రే పంపు. గంటలు కలిపావో లేదో చూస్తాను.