కమ్యూనిటీ కాలేజీలో చేరితే ప్రపంచం తెలియకుండా పోతుందా?

ప్రశ్న: మేం డాలస్ దగ్గర ఉంటాం. మా అమ్మాయి ఈ ఏడాది హైస్కూల్ పూర్తి చేసింది. నర్సింగ్ చదవాలని పట్టుదలగా ఉంది. ఇంట్లో సంపాదించేది నేనొక్కడినే, తన వెనక తమ్ముడు కూడా ఉన్నాడు. అందుకే డబ్బు లెక్క చూసుకుని దగ్గర్లోని కమ్యూనిటీ కాలేజీలో (తక్కువ ఫీజుతో రెండేళ్ల కోర్సులుండే ప్రభుత్వ కాలేజీ) చేర్పిస్తున్నాం. మా స్నేహితుల పిల్లలేమో పెద్ద యూనివర్సిటీల్లో చేరి ఒక సెమిస్టర్ ఇటలీ, ఇంకో సెమిస్టర్ జపాన్ అంటున్నారు. మా పిల్ల ఇల్లూ కాలేజీ తప్ప ఏమీ చూడకుండా ఉండిపోతుందేమో, రకరకాల మనుషులతో మెలగడం నేర్చుకోదేమో అని టెన్షన్‌గా ఉంది. అమ్మాయి ఇక్కడే పుట్టింది, సిటిజన్. ఈ రెండేళ్లలో తనకి ఆ ఎక్స్‌పోజర్ ఎలా వస్తుంది?
ఒక తండ్రి, టెక్సస్

జవాబు: మీ దిగులు అర్థమైంది. అందులో సగం ఇప్పుడే పక్కన పెట్టేయవచ్చు. రకరకాల మనుషులతో మెలగడం నేర్చుకోవడానికి మీ అమ్మాయి చేరుతున్న చోటు తక్కువదేమీ కాదు. డాలస్ చుట్టుపక్కల ఏ కమ్యూనిటీ కాలేజీ లాబ్‌లోకి వెళ్లి చూసినా మెక్సికో, వియత్నాం, నైజీరియా, ఇథియోపియా నుంచి వచ్చిన కుటుంబాల పిల్లలు కనిపిస్తారు. వాళ్ల పక్కనే సైన్యంలో పనిచేసి వచ్చినవాళ్లు, ఇద్దరు పిల్లల తల్లులు, పగలంతా ఉద్యోగం చేసి సాయంత్రం క్లాసుకి వచ్చేవాళ్లు కూర్చుంటారు. పెద్ద యూనివర్సిటీ హాస్టల్లో దాదాపు అందరిదీ ఒకే వయసు. ఇక్కడ వయసు, భాష, మతం, జీతం అన్నీ తేడానే. నర్సుగా రేపు మీ అమ్మాయి చూసుకోబోయే రోగులు కూడా ఇలాంటి వాళ్లే.

మిగతా సగం దిగులు మాత్రం న్యాయమైనదే. అలాంటి క్లాసులో ఉన్నంత మాత్రాన ఏదీ వచ్చేయదు. కమ్యూనిటీ కాలేజీల్లో చాలామంది పాఠం అయిపోగానే కారెక్కి వెళ్లిపోతారు. రెండేళ్లు పక్క సీట్లో కూర్చున్న అమ్మాయి పేరు కూడా తెలియకుండా బయటికొచ్చే పిల్లలు ఉంటారు. 1954లోనే గార్డన్ ఆల్‌పోర్ట్ అనే అమెరికన్ మనస్తత్వ శాస్త్రవేత్త దీని గురించి చెప్పారు. వేర్వేరు వర్గాల వాళ్లు ఒకచోట చేరితే సరిపోదు. వాళ్ల మధ్య సమానమైన హోదా ఉండాలి, అందరికీ ఒకే లక్ష్యం ఉండాలి, అది కలిసి పనిచేస్తేనే నెరవేరాలి, పైన ఉన్న సంస్థ కూడా దాన్ని ప్రోత్సహించాలి. అప్పుడే ఒకరి మీద ఒకరికి ఉన్న అపోహలు తగ్గుతాయని ఆయన మాట. అనాటమీ లాబ్‌లో నలుగురు కలిసి చేసే ప్రాజెక్టులో ఈ నాలుగూ ఉంటాయి. ఏడాదికోసారి వేర్వేరు దేశాల జెండాలు కట్టి జరిపే పండుగలో ఉండవు. కాబట్టి స్టడీ గ్రూపు కట్టేటప్పుడు తెలిసిన ముఖాలనే వెతుక్కోవద్దని అమ్మాయికి మొదటి వారమే చెప్పండి. మన పిల్లలు కాలేజీలో కూడా మన పిల్లల మధ్యే సర్దుకుపోవడం నేను చాలా చూస్తుంటాను. హాయిగా ఉంటుంది నిజమే, కానీ మీరు కోరుకుంటున్నది దాంతో రాదు.

నర్సింగ్‌లో రకరకాల మనుషులతో మెలగడం అసలు పనిలో భాగం. టెక్సస్ జనాభాలో దాదాపు 40 శాతం హిస్పానిక్ ప్రజలే. ఇంగ్లిష్ సరిగా రాని రోగికి ఉచితంగా ఇంటర్‌ప్రెటర్‌ని ఏర్పాటు చేయాలని ఫెడరల్ నిధులు తీసుకునే ఆసుపత్రులకు చట్టం చెబుతోంది. అత్యవసర పరిస్థితి అయితే తప్ప చిన్న పిల్లల చేత అనువాదం చేయించకూడదు. మన ఇళ్లలో అమ్మమ్మో నానమ్మో ఇండియా నుంచి వచ్చినప్పుడు డాక్టరు దగ్గర పన్నెండేళ్ల పిల్ల చేత అన్నీ చెప్పిస్తాం కదా, మీ అమ్మాయి కూడా చేసే ఉంటుంది. ఆ అనుభవం ఉన్నవాళ్లకి ఈ నియమం ఎందుకు పెట్టారో వెంటనే అర్థమవుతుంది. నొప్పి ఎక్కడో పిల్ల సరిగ్గా చెప్పలేదు, పెద్దావిడేమో పిల్ల ముందు కొన్ని విషయాలు నోరు విప్పి చెప్పదు.

ఇక్కడే ఇంకో సంగతి. ‘మనుషులంతా ఒకటే, అందరినీ ఒకేలా చూస్తే చాలు’ అనే మాట మంచి మనసుతో అనేదే. కానీ మిల్టన్ బెనెట్ అనే పరిశోధకుడు సంస్కృతుల మధ్య అవగాహన ఎలా పెరుగుతుందో దశలుగా చూపించి, ఈ ఆలోచనని మధ్యలో వచ్చే ఒక మెట్టుగానే పెట్టారు. ఎందుకంటే ఆ మెట్టు మీద ఉన్నవాళ్లు తమ పద్ధతినే అందరి పద్ధతి అనుకుంటారు. ఒక రోగి నొప్పి వస్తే గట్టిగా అరుస్తాడు, ఇంకొకరు పళ్లు బిగబట్టి ఏమీ లేదంటారు. డాక్టరుని ప్రశ్నించడం మర్యాద కాదనుకునేవాళ్లు అర్థం కాకపోయినా తల ఊపుతారు. అందుకే మందు ఎలా వేసుకోవాలో చెప్పాక ‘అర్థమైందా?’ అని అడగడంతో సరిపెట్టకుండా, ‘ఇంటికెళ్లాక ఎలా వేసుకుంటారో మీ మాటల్లో ఒకసారి చెప్పండి’ అని అడిగే పద్ధతిని నర్సులకు నేర్పిస్తారు. దాన్ని టీచ్-బ్యాక్ అంటారు. ఇటలీలో ఒక సెమిస్టర్ గడిపి వచ్చినవాళ్లకి ఇది రాకపోవచ్చు. మీ ఊరి క్లినిక్‌లో వాలంటీరుగా పనిచేసిన పిల్లకి రావచ్చు.

ఇక కోర్సుల సంగతి. మీరు రెండేళ్లు అని రాశారు. అసోసియేట్ డిగ్రీ నర్సింగ్‌కి ముందు అనాటమీ, ఫిజియాలజీ, మైక్రోబయాలజీ లాంటివి పూర్తి చేసి, తర్వాత నర్సింగ్ ప్రోగ్రాంకి విడిగా అప్లై చేసి సీటు తెచ్చుకోవాలి. కాబట్టి చాలామందికి మొత్తం మూడేళ్ల దాకా పడుతుంది. క్లినికల్స్, అంటే ఆసుపత్రిలో చేసే శిక్షణ, మొదలయ్యాక బ్యాచ్‌ని వదిలి ఒక సెమిస్టర్ ఎక్కడికైనా వెళ్లడం దాదాపు కుదరని పని. అంటే మీ అమ్మాయికి వెసులుబాటు ఉండేది నర్సింగ్ ప్రోగ్రాంలో చేరక ముందే.

టెక్సస్ ప్రభుత్వ కాలేజీల్లో ప్రధాన సబ్జెక్టు కాకుండా చదివే సాధారణ కోర్సుల సముదాయాన్ని కోర్ కరికులమ్ అంటారు, అది 42 క్రెడిట్లు. అందులో లాంగ్వేజ్, ఫిలాసఫీ అండ్ కల్చర్ అనే విభాగం ఒకటి ఉంది. 2014 నుంచి అమల్లో ఉన్న కోర్ లక్ష్యాల్లో సామాజిక బాధ్యత ఒకటి, దాని నిర్వచనంలోనే సంస్కృతుల మధ్య మెలిగే సామర్థ్యం అనే మాట రాసి ఉంది. పిల్లలు మాత్రం ఈ విభాగంలో ఏది తేలికో సీనియర్లని అడిగి దాంతో కానిచ్చేస్తారు. మీ అమ్మాయిని అలా చేయనివ్వకండి. వరల్డ్ లిటరేచర్, సోషల్ సైన్స్ విభాగంలో కల్చరల్ యాంత్రపాలజీ లేదా వరల్డ్ రీజనల్ జాగ్రఫీ లాంటివి చూడమనండి. నన్ను ఒక్కటే చెప్పమంటే యాంత్రపాలజీ అంటాను. వైద్యం, చావు, పుట్టుక, ఆహార నియమాల గురించి వేర్వేరు సమాజాలు ఎలా ఆలోచిస్తాయో నర్సు కాబోయే పిల్లకి అంత దగ్గరగా చూపించే సబ్జెక్టు ఇంకోటి లేదు. స్పానిష్ డిగ్రీ ప్లాన్‌లో ఇమిడితే మరీ మంచిది. ప్లాన్‌లో లేని కోర్సుకి ఫెడరల్ ఎయిడ్ వర్తించకపోవచ్చు కాబట్టి రిజిస్టర్ చేసే ముందు అడ్వైజర్‌తో ఆ మాట ఖాయం చేసుకోండి. స్పానిష్ కొంచెం వచ్చినా ఆసుపత్రిలో ఇంటర్‌ప్రెటర్ పని చేయకూడదు, దానికి విడిగా అర్హత కావాలి. అయినా రోగిని తన భాషలో పలకరిస్తే ఆ గదిలో భయం కొంత తగ్గుతుంది.

విమానం ఎక్కకుండానే వేరే దేశం విద్యార్థులతో కలిసి చదివే దారి ఒకటి ఉంది. తల్లిదండ్రుల్లో చాలామందికి దీని పేరే తెలియదు. కాయిల్ అంటారు. కొలాబరేటివ్ ఆన్‌లైన్ ఇంటర్నేషనల్ లెర్నింగ్ అన్నమాట. న్యూయార్క్ స్టేట్ యూనివర్సిటీ 2006లో దీనికోసం ఒక కేంద్రం పెట్టింది, తర్వాత చాలా కమ్యూనిటీ కాలేజీలు అందుకున్నాయి. ఇక్కడి ప్రొఫెసరు, ఇంకో దేశపు ప్రొఫెసరు కలిసి పాఠం తయారుచేస్తారు. రెండు క్లాసుల పిల్లలూ కొన్ని వారాలపాటు జట్లుగా ఒక పని చేస్తారు. అది మామూలు కోర్సులోనే భాగం కాబట్టి వీసా గొడవ లేదు, టికెట్ ఖర్చు లేదు. టైమ్ జోన్ తేడాతో మీటింగు కుదరకపోవడం, ఒకరు సూటిగా చెప్పిన విమర్శ ఇంకొకరికి కోపంగా వినిపించడం లాంటివన్నీ అందులో ఎదురవుతాయి, వాటిని సర్దుకోవడమే చదువు. ‘ఏ సెక్షన్లలో కాయిల్ ఉంది?’ అని అడ్వైజర్‌ని పేరు పెట్టి అడగండి. కేటలాగ్‌లో చాలాసార్లు కనిపించదు.

అలాగే టెక్సస్‌లో సెనేట్ బిల్ 17 వచ్చాక, 2024 జనవరి 1 నుంచి ప్రభుత్వ కాలేజీల్లో డైవర్సిటీ ఆఫీసులు (వేర్వేరు వర్గాల విద్యార్థులను ప్రోత్సహించే విభాగాలు) మూసేశారు. దాంతో సంస్కృతుల గురించిన కోర్సులు, క్లబ్బులు అన్నీ పోయాయని కొందరు అనుకుంటున్నారు. ఆ చట్టం క్లాసులో చెప్పే పాఠాలకి, విద్యార్థులు నడుపుకునే సంఘాలకి మినహాయింపు ఇచ్చింది. క్లబ్బులు ఉన్నాయి, కోర్సులూ ఉన్నాయి.

విదేశీ ప్రయాణం కూడా పూర్తిగా అందనిదేమీ కాదు. కమ్యూనిటీ కాలేజీలు ఎక్కువగా వేసవిలో కొద్ది వారాల ప్రోగ్రాంలు పెడతాయి. మీ ఇంట్లో సంపాదించేది ఒక్కరే కాబట్టి పెల్ గ్రాంట్ (తక్కువ ఆదాయం ఉన్న కుటుంబాల పిల్లలకి ఫెడరల్ ప్రభుత్వం ఇచ్చే, తిరిగి కట్టక్కర్లేని సాయం) వచ్చే అవకాశం ఉంది. దానికి పెట్టుకునే ఫాఫ్సా అనే దరఖాస్తు ఇంకా నింపకపోతే ముందు ఆ పని చూడండి. పెల్ గ్రాంట్ వస్తే బెంజమిన్ గిల్మన్ స్కాలర్‌షిప్‌కి దారి తెరుచుకుంటుంది. అది అమెరికా విదేశాంగ శాఖది. పెల్ తీసుకునే సిటిజన్ విద్యార్థులకి విదేశాల్లో చదవడానికి 5,000 డాలర్ల వరకు ఇస్తుంది, రెండేళ్ల కాలేజీల వాళ్లూ అర్హులే. ఈ లేఖ చదివే మిగతా తల్లిదండ్రులు ఒకటి గమనించాలి. గ్రీన్ కార్డు ఉన్న పిల్లలకి పెల్ వస్తుంది కానీ గిల్మన్ రాదు. హెచ్-4 (హెచ్-1బీ ఉద్యోగుల కుటుంబ సభ్యుల వీసా) మీద ఉన్న పిల్లలకి రెండూ రావు. పైగా వాళ్లు దేశం దాటితే తిరిగి రావడానికి వీసా స్టాంపింగ్ కావాల్సి రావచ్చు, కాబట్టి లాయర్‌ని అడగకుండా టికెట్ కొనవద్దు. వాళ్లకి నేను కాయిల్‌నే సూచిస్తాను.

ప్రయాణాన్ని ఎంచుకునేటప్పుడు క్రెడిట్ ఉందా, వెళ్లే ముందు క్లాసులు ఉన్నాయా, అక్కడి వాళ్లతో కలిసి చేసే పని ఏమైనా ఉందా, వచ్చాక రాసి సమర్పించాల్సింది ఉందా అని చూడండి. బస్సులో తిరిగి ఫొటోలు తీసుకుని వచ్చే పది రోజుల టూరుకి అప్పు చేయవద్దు. ఆ డబ్బుతో స్పానిష్ కోర్సులు పూర్తి చేయవచ్చు.

చివరిగా, చేసినదంతా అమ్మాయి ఎప్పటికప్పుడు రాసి పెట్టుకోవాలి. అసోసియేట్ డిగ్రీ వాళ్లూ బ్యాచిలర్స్ వాళ్లూ నర్సు లైసెన్సు కోసం రాసేది ఒకే ఎన్‌క్లెక్స్ పరీక్ష. తర్వాత ఉద్యోగం చేస్తూ బీఎస్‌ఎన్‌కి, అంటే నర్సింగ్‌లో బ్యాచిలర్స్ డిగ్రీకి, వెళ్లవచ్చు. ఆ అప్లికేషన్‌లోనూ, ఉద్యోగం ఇంటర్వ్యూలోనూ ‘నాకు అన్ని సంస్కృతులంటే గౌరవం’ అనే వాక్యం ఎవరినీ కదిలించదు. ఫలానా క్లినిక్‌లో ఫలానా రోజు ఏమైంది, నేను మొదట ఏమనుకున్నాను, తర్వాత ఏం తెలిసింది, దాంతో నా పద్ధతి ఎలా మార్చుకున్నాను అని నాలుగు వాక్యాలు చెప్పగలిగితే ఎదుటివాళ్లు వింటారు. అలాంటివి సెమిస్టర్‌కి రెండు మూడు ఒక నోట్‌బుక్‌లో పెట్టుకోమనండి. రోగి పేరు, వివరాలు మాత్రం ఎక్కడా రాయకూడదని మొదటి రోజే గట్టిగా చెప్పండి.