ఐర్లండ్, బ్రిటన్ బాక్సింగ్‌లో ఏ ఫైట్ జరుగుతుందో, బెల్టుకు ఎవరు దగ్గరో పసిగట్టడం ఎలా?

మీరు అడిగినవి రెండు ప్రశ్నలు. ఐర్లండ్, బ్రిటన్ బాక్సర్ల మీద వచ్చే "వీడితో వాడు" వార్తల్లో నమ్మదగ్గవి ఏవి? ప్రపంచ టైటిల్‌కు నిజంగా దగ్గరలో ఉన్నది ఎవరో ఎలా తెలుస్తుంది? రెండింటికీ ఒకటే మందు. మైకు ముందు ఎవరు ఎవరిని సవాలు చేశారో పక్కన పెట్టి, బెల్టు ఇచ్చే సంస్థ ఎవరిని ఎవరితో తలపడమందో చూడండి. సవాలు చేయడానికి పైసా ఖర్చు లేదు. సంస్థ మాట కాదంటే మాత్రం బెల్టు పోతుంది.

ప్రపంచ టైటిల్ బెల్టులు ఇచ్చే సంస్థలు నాలుగు: డబ్ల్యూబీసీ, డబ్ల్యూబీఏ, ఐబీఎఫ్, డబ్ల్యూబీవో. ఇవి తలా ఒక ర్యాంకింగ్ జాబితా ఇస్తాయి. చదవడానికి తేలికైనది ఐబీఎఫ్‌ది. ఎలిమినేటర్ (టైటిల్ ఫైట్‌కు ఎవరు అర్హులో తేల్చే ఫైట్) గెలిచిన వాళ్లు వచ్చేదాకా అక్కడ 1, 2 స్థానాలు ఖాళీగానే ఉంచుతారు. కాబట్టి 3వ నంబరు చూసి "ఇంకా ఇద్దరు ముందున్నారు" అనుకోవద్దు, ఒక్కోసారి క్యూలో మొదటివాడు అతనే. పోస్టరు మీద "ఫైనల్ ఎలిమినేటర్" అని ఉంటే గెలిచినవాడు మాండేటరీ అవుతాడు, అంటే చాంపియన్ తప్పించుకోలేని ప్రత్యర్థి.

దీనికి లూయిస్ క్రాకర్, ప్యాడీ డొనొవన్ కథ కన్నా మంచి ఉదాహరణ లేదు. 2025 మార్చి 1న బెల్‌ఫాస్ట్‌లో ఈ ఇద్దరి మధ్య జరిగింది ఐబీఎఫ్ వెల్టర్‌వెయిట్ (147 పౌండ్ల తరగతి) ఫైనల్ ఎలిమినేటర్. లిమరిక్‌కు చెందిన డొనొవన్‌దే పైచేయి. కానీ ఫౌల్స్‌కు పాయింట్లు కోత పడ్డాయి, 8వ రౌండ్ గంట మోగాక కొట్టిన దెబ్బకు క్రాకర్ కింద పడ్డాడు, డొనొవన్ డిస్‌క్వాలిఫై అయ్యాడు. ఓడినట్టు గెలిచినట్టు కాని ఈ ఫలితాన్ని చూసి ఐబీఎఫ్ మళ్లీ తలపడమంది. ఈలోగా చాంపియన్ జరాన్ ఎనిస్ పై బరువు తరగతికి వెళ్తూ బెల్టు వదిలేశాడు. దాంతో సెప్టెంబరు 13న బెల్‌ఫాస్ట్‌లోని విండ్సర్ పార్క్ స్టేడియంలో జరిగిన రెండో ఫైట్ ఖాళీ బెల్టు కోసం జరిగే టైటిల్ ఫైట్ అయి కూర్చుంది! డొనొవన్‌ను 3, 5 రౌండ్లలో పడగొట్టి క్రాకర్ స్ప్లిట్ డెసిషన్‌తో, అంటే ముగ్గురు జడ్జీల్లో ఇద్దరి తీర్పుతో గెలిచాడు. అందుకే ఎలిమినేటర్ చూసేటప్పుడు చాంపియన్ బరువు మీద కూడా ఒక కన్నేయండి. అతను పై వెయిట్‌కు వెళ్లేలా ఉంటే ఎలిమినేటర్ విలువ రెట్టింపు.

రెండోది డబ్బు. సంస్థ తలపడమన్నాక ఇరుపక్షాలకూ బేరానికి గడువు ఇస్తారు. కుదరకపోతే పర్స్ బిడ్. ఫైట్లు నిర్వహించే ప్రమోటర్లు సీల్డ్ కవర్లలో ధర వేస్తారు, ఎక్కువ వేసినవాడిదే ఫైట్. 2022లో టైసన్ ఫ్యూరీ, డిలియన్ వైట్ డబ్ల్యూబీసీ హెవీవెయిట్ ఫైట్‌కు ఫ్రాంక్ వారెన్ 4 కోట్ల 10 లక్షల 25 వేల డాలర్లు వేశాడు. ఎడ్డీ హెర్న్ 3 కోట్ల 22 లక్షల దగ్గర ఆగాడు. అందులో 10 శాతం గెలిచినవాడికని పక్కన పెట్టి, మిగతాది 80-20గా పంచారు. చాంపియన్ ఫ్యూరీకి సుమారు 2 కోట్ల 95 లక్షలు, వైట్‌కు 74 లక్షల లోపు. వైట్ శిబిరం ఈ 20 శాతం మీద ఎంత గొణిగినా, అతని కెరీర్‌లో అదే పెద్ద మొత్తం. అందుకే ఫైట్ జరిగింది. వెంబ్లీలో 94 వేల మంది చూస్తుండగా 6వ రౌండ్లో అయిపోయింది కూడా.

సంస్థ ఉత్తర్వు లేకుండా ఇద్దరు ప్రమోటర్ల మాట మీదే నిలబడ్డ ఫైట్లు తరచూ కూలుతాయి. 2021లో ఫ్యూరీ, ఆంథొనీ జాషువా మధ్య నాలుగు బెల్టుల ఫైట్‌కు ఆగస్టు 14, జెద్దా అని కూడా అనుకున్నారు. కానీ అంతకుముందు రెండుసార్లు తలపడ్డ డియాంటే వైల్డర్‌కు ఫ్యూరీ మూడో ఫైట్ బాకీ ఉన్నాడని మధ్యవర్తి తీర్పు ఇచ్చాడు. అంతే, మొత్తం పేకమేడలా కూలింది. ఆ సెప్టెంబరులో జాషువా ఉక్రెయిన్ బాక్సర్ ఒలెక్సాండర్ ఉసిక్ చేతిలో బెల్టులే పోగొట్టుకున్నాడు. పెద్ద ఫైట్ వార్త వచ్చినప్పుడు మొదట అడగాల్సింది "ఇద్దరిలో ఎవరికైనా పాత రీమ్యాచ్ క్లాజు (మళ్లీ తలపడాలన్న ఒప్పందం) మిగిలి ఉందా?" అని.

బరువు విషయం చాలామంది చూడకుండా వదిలేస్తారు. నా దృష్టిలో ఫైట్లు పాడయ్యేది ఎక్కువగా ఇక్కడే. ఐబీఎఫ్ టైటిల్ ఫైట్ అయితే ముందు రోజు తూకంతో సరిపోదు, ఫైట్ రోజు పొద్దున మళ్లీ తూస్తారు. పరిమితికి 10 పౌండ్ల కన్నా ఎక్కువ పెరగకూడదు. వెల్టర్‌వెయిట్ అంటే 147, మర్నాటికి 157 దాటొద్దు. ఒళ్లు పెద్దగా ఉండి నీళ్లు పిండుకుని బరువు దిగేవాడికి ఇది పెద్ద దెబ్బ. బెల్టు లేని ఫైట్లలో ఇదే షరతును కాంట్రాక్టులో రాస్తారు. 2025 ఏప్రిల్‌లో క్రిస్ యూబాంక్ జూనియర్, కానర్ బెన్ ఫైట్ 160 పౌండ్లకు, మర్నాడు 170 దాటకూడదన్న షరతుతో కుదిరింది. యూబాంక్ 160.05 తూగాడు. ఎక్కువైంది సుమారు 23 గ్రాములే. జరిమానా 5 లక్షల డాలర్లు! ఫైట్ అతనే గెలిచాడు, అది వేరే సంగతి. బరువు ఇబ్బంది ఉన్నవాడి మీద "ఇతనే గెలుస్తాడు" అని పందెం కాసే ముందు ఈ షరతు చూడాలి.

బెల్టు ఉంటే చాలు, దారి సాఫీ అనుకోవద్దు. బెల్‌ఫాస్ట్‌కు చెందిన ఆంథొనీ కకాచే 2024 మేలో జో కార్డినాను 8వ రౌండ్లో ఆపి ఐబీఎఫ్ సూపర్ ఫెదర్‌వెయిట్ బెల్టు గెలిచాడు. సెప్టెంబరులో జోష్ వారింగ్టన్‌తో తలపడినప్పుడు ఆ బెల్టు పందెంలో లేదు. తర్వాత మాండేటరీతో తలపడకుండా దాన్ని వదిలేసి, 2025 మేలో నాటింగ్‌హామ్‌లో లీ వుడ్‌ను 9వ రౌండ్లో ఆపాడు. బెల్టు కన్నా స్థానికంగా టికెట్లు అమ్ముడయ్యే పేరే ఎక్కువ డబ్బు ఇచ్చే సందర్భాలు ఉంటాయి. అతన్ని తప్పుపట్టలేం.

కొత్తవాళ్లు పడే పొరపాటు ఒకటుంది. డబ్ల్యూబీఏలో ఒకే వెయిట్‌కు "సూపర్" చాంపియన్, అతని కన్నా కింది స్థాయి "రెగ్యులర్" చాంపియన్ ఇద్దరూ ఉండొచ్చు. 2022 మార్చిలో మైకేల్ కాన్లన్, లీ వుడ్ తలపడింది ఫెదర్‌వెయిట్ రెగ్యులర్ బెల్టుకు. మొదటి రౌండ్లో వుడ్‌ను పడగొట్టి, ముగ్గురు జడ్జీల కార్డుల్లోనూ ముందున్న కాన్లన్ 12వ రౌండ్లో తాళ్ల మీదుగా రింగు బయటికి పడిపోయాడు. గొప్ప ఫైటే, కానీ "ప్రపంచ చాంపియన్" అనే ముందు ఏ రకం చాంపియనో చూడండి.

ప్రపంచ ర్యాంకింగ్‌కు ఒక మెట్టుగా ఉండే బ్రిటిష్ టైటిల్ (బ్రిటన్ జాతీయ బెల్టు) సంగతి: ఉత్తర ఐర్లండ్ బాక్సర్లు దానికి అర్హులే, కకాచే 2019లో గెలిచింది అదే. ఐరిష్ రిపబ్లిక్ బాక్సర్లకు ఆ మెట్టు లేదు, కాబట్టి వాళ్లు ర్యాంకింగ్ ఎక్కే దారి వేరేగా ఉంటుంది.

మన దగ్గర రాత్రి మేలుకుని చూసేవాళ్లకు: బ్రిటన్‌లో మెయిన్ ఈవెంట్ రాత్రి 10 ప్రాంతంలో అంటే వేసవిలో మనకు తెల్లవారుజాము 2:30, చలికాలంలో 3:30. ఐరిష్ బాక్సర్ కేటీ టేలర్ ఫైట్లలా న్యూయార్క్‌లో జరిగేవైతే పొద్దున కాఫీతో చూడొచ్చు.