వైజాగ్‌లో ఉండేవాడు మొదటి టెలిస్కోప్ ఏది కొనాలి?

"వైజాగ్‌లో ఉంటాను, ఆకాశం గురించి ఓనమాలు కూడా తెలీవు, పదివేల లోపు మంచి టెలిస్కోప్ చెప్పండి" అని అడిగారు.

ఏదీ కొనకండి. ముందు మీ జన్మనక్షత్రం ఆకాశంలో ఎక్కడుందో వెతకండి. పెళ్ళి సంబంధం అనగానే నక్షత్రం, పాదం గడగడా చెప్పేస్తాం కదా, తలెత్తి చూపించమంటే ఒక్కరూ చూపించలేరు. రోహిణి అయితే డిసెంబరు రాత్రి ఎనిమిదింటికి తూర్పున ఎర్రగా ఉంటుంది, దానికి పైన కృత్తికల గుంపు. స్వాతి అయితే మే నెలలో రాత్రి పదింటికి దాదాపు నడినెత్తిన.

2021 కార్తీకమాసంలో శుక్రుడు, శని, గురుడు నైరుతిలో వరసగా నిలబడ్డారు. ఒక స్నేహితుడి దగ్గర టెలిస్కోప్ తెచ్చి మా ఎంవీపీ కాలనీ మేడ మీద పెట్టాను. ఎదురింటి పిన్నిగారిది మకర రాశి. శనిని చూడమంటే రెండడుగులు వెనక్కేసి, "ఏటి బాబూ, నాకున్న ఏలినాటి శని చాలదా, మళ్ళీ ఎతుక్కుని చూడాలా?" అన్నారు. మనవరాలు చూసి కేక పెట్టాక ఆగలేక వంగి చూశారు. చూసి, ఏమీ మాట్లాడకుండా గొట్టం ముందు వైపుకెళ్ళి అద్దం మీద వేలు పెట్టబోయారు. శని చుట్టూ కనిపించే వలయం బొమ్మ కోసి అంటించానని అనుమానం! అద్దం కాపాడుకునేసరికి నా తలప్రాణం తోకకొచ్చింది. తర్వాత ఆవిడ కళ్ళజోడు తీసి ఒకసారి, పెట్టుకుని ఒకసారి చూశారు. వెనక క్యూలో పిల్లలు గోల.

ఆన్‌లైన్‌లో అమ్మే "675 రెట్లు పెద్దగా చూపిస్తుంది" అనే టెలిస్కోప్ సరుకు జోలికి మాత్రం పోకండి. 50 మిల్లీమీటర్ల అద్దం మహా అయితే వంద రెట్లు లాగుతుంది, ఆపైన అంతా మసక. 1840లోనే గోడే వెంకట జగ్గారావు గారు సొంతంగా అబ్జర్వేటరీ పెట్టిన ఊరండీ ఇది! 1874లో శుక్రుడు సూర్యబింబం మీదుగా వెళ్ళడాన్ని ఆయన అల్లుడు నరసింగరావు గారు ఇక్కణ్ణించే గమనించారు. ఇప్పుడేమో బీచ్ రోడ్డు లైట్లకి పాలపుంత ఊసే లేదు. అపార్ట్‌మెంట్ల వాళ్ళు ఫ్లడ్‌లైట్లు ఆకాశానికి ఎందుకు గురిపెడతారో నాకు ఈ జన్మకి అర్థం కాదు.

అయినా మన సముద్రం మనకుంది. మే మధ్యలో రాత్రి తొమ్మిదింటికి, భీమిలి వైపు చీకటి ఒడ్డు చూసుకుని సరిగ్గా దక్షిణానికి తిరగండి. నీటికి కాస్త పైన త్రిశంకు, అదే సదరన్ క్రాస్, నిటారుగా ఉంటుంది. దాని అడుగు చుక్క ఢిల్లీ వాళ్ళకి అసలు ఉదయించదు. లంగరేసిన ఓడల దీపాలని చూసి అవే చుక్కలనుకోకండి.

ఇంకా చెయ్యి దురద పెడితే 10×50 బైనాక్యులర్, అంటే పది రెట్లు పెద్దగా చూపే, 50 మిల్లీమీటర్ల అద్దాలున్నది, కొనండి. మోచేతులు పిట్టగోడకి ఆనిస్తే గురుడి నాలుగు పెద్ద చందమామలూ దొరుకుతాయి. వాడాక గాలి చొరని డబ్బాలో తేమ పీల్చే సిలికా జెల్ పొట్లాలు వేసి దాచండి, లేకపోతే ఈ ఊరి తేమకి అద్దాల్లో బూజు పడుతుంది.