ఉత్తర ఇటలీలో పది రాత్రులు: కారు ఎక్కడ తీసుకోవాలి, ఎక్కడ వదిలేయాలి

సెప్టెంబరు చివర్లో భార్యాభర్తలిద్దరూ మిలాన్‌లో దిగి, అక్కడే కారు తీసుకుని కోమో, గార్డా సరస్సులు, డోలమైట్స్ కొండలు చూసుకుని వెనిస్‌లో అప్పగించాలనుకుంటున్నారు. రోజులు సరిపోతాయా, మన లైసెన్సు చెల్లుతుందా, జరిమానాలు పడతాయన్నది నిజమేనా అని అడిగారు.

రోజులు సరిపోతాయి. మార్చుకోవలసింది ఒకటే: మిలాన్‌లో కారు తీసుకోకండి. ఇటలీలో కారు కొండలకీ, రైలు పోని సరస్సు ఒడ్డు ఊళ్లకీ పనికొస్తుంది. పెద్ద ఊళ్లలో అదే గుదిబండ అవుతుంది. మిలాన్‌లో రెండు రాత్రులు గడిపి, కోమోకి రైల్లో వెళ్లండి. మిలానో సెంత్రాలే స్టేషన్ నుంచి ఆ సరస్సు ఒడ్డునున్న వరెన్నాకి గంట పైచిలుకు ప్రయాణం. అక్కడి నుంచి బెల్లాజియో, మెనాజ్జోలకు ఫెర్రీలు తిరుగుతూనే ఉంటాయి. అదే కారులో అయితే పడమటి ఒడ్డు రోడ్డు మీద ఎదురుగా బస్సు వచ్చిన ప్రతిసారీ గోడకు అతుక్కోవాలి, దిగిన ప్రతి ఊళ్లో పార్కింగు కోసం తిరగాలి. వరెన్నాలో రెండు రాత్రులయ్యాక మిలాన్ మీదుగా రైల్లో వెరోనా వచ్చి, అక్కడి విమానాశ్రయంలో కారు తీసుకోండి. గార్డా తూర్పు ఒడ్డున మల్చేసినేలో రెండు రాత్రులు, డోలమైట్స్‌లో ఓర్తిసేయిలో మూడు, చివరిది వెనిస్‌లో. కారును వెనిస్‌కి ఇవతల నేల మీదున్న మెస్త్రేలోనో వెనిస్ విమానాశ్రయంలోనో ఇచ్చేసి దీవిలోకి రైల్లోనో బస్సులోనో వెళ్లొచ్చు. వెనిస్‌లోకి కారు వెళ్లేది ఎలాగూ పియాజ్జాలే రోమా వరకే.

లైసెన్సు మాట. మన లైసెన్సుతో పాటు అంతర్జాతీయ డ్రైవింగ్ పర్మిట్ ఉండి తీరాలి. బయల్దేరే ముందే ఆర్టీఏలో తీసుకోండి, ఫీజు 1,000 రూపాయలు, చెల్లుబాటు ఏడాది. కౌంటర్‌లో పర్మిట్ అడక్కుండానే తాళం చేతికిచ్చేవాళ్లూ ఉంటారు. దాన్ని నమ్ముకోకండి. పోలీసులు ఆపినా, ప్రమాదం జరిగి ఇన్సూరెన్సు కావలసి వచ్చినా అడిగేది ఆ కాగితమే. ఇద్దరూ నడపాలంటే ఇద్దరి పేర్లూ ఒప్పందంలో ఉండాలి, రెండో డ్రైవరుకు రోజువారీ రుసుము వేస్తారు. డిపాజిట్ కోసం మొదటి డ్రైవరు పేరు మీదున్న క్రెడిట్ కార్డు కావాలి. ఫారెక్స్ కార్డు చూపించి కౌంటర్ దగ్గరే ఆగిపోయేవాళ్లు చాలామంది. ఆటోమేటిక్ కావాలంటే నెలల ముందే బుక్ చేయండి. ఫియట్ 500 ముచ్చటగా ఉంటుంది కానీ రెండు పెద్ద సూట్‌కేసులు దాని డిక్కీలో పట్టవు. సామాను బయటికి కనబడేలా కారులో వదిలితే దొంగల్ని పిలిచినట్టే, కాబట్టి డిక్కీ చూసుకుని కారు ఎంచుకోండి.

ఇక జరిమానాలు. మనవాళ్లకు పడేవాటిలో ఎక్కువ భాగం జెడ్‌టీఎల్ వల్లే. పాత ఊరి నడిబొడ్డున బయటి కార్లను రానివ్వని ప్రాంతం అది. వెరోనా, బెర్గామో లాంటి ఊళ్లన్నిటిలో ఉంది. గేటు ఉండదు, మనిషి ఉండడు, తెల్ల పలక మీద ఎర్ర వలయం, పైన కెమెరా. కొన్నిచోట్ల వెలుగుతూ ఒక అక్షరాల బోర్డు కూడా ఉంటుంది. తప్పు జరిగేది అక్కడే: ‘వార్కో అత్తీవో’ అని వెలుగుతుంటే దారి తెరిచి ఉందనుకుంటారు. దానర్థం నిషేధం అమల్లో ఉందని. ‘నోన్ అత్తీవో’ అని ఉంటేనే వెళ్లొచ్చు. దారి తప్పి దాటినా జరిమానా పడుతుంది. జీపీఎస్ దీన్ని అన్నివేళలా పట్టించుకోదు. హోటల్ ఆ ప్రాంతంలోనే ఉంటే ముందుగానే కారు నంబరు పంపండి, వాళ్లు నమోదు చేయిస్తారు. చేయించామని రాతపూర్వకంగా తీసుకోండి. ఇంకో సంగతి, కొన్ని వారాల తర్వాత కార్డులోంచి అద్దె సంస్థ కొంత సొమ్ము కోస్తుంది. అది జరిమానా కాదు, మీ చిరునామా పోలీసులకు ఇచ్చినందుకు వాళ్ల రుసుము. అసలు జరిమానా నెలల తర్వాత ఇంటికి వస్తుంది. అందిన ఐదు రోజుల్లో కడితే సాధారణంగా 30 శాతం తగ్గుతుంది.

కారులో ఇద్దరున్నారు కాబట్టి పని పంచుకోండి: ఒకరు నడపాలి, ఒకరు బోర్డులు చదవాలి. పక్క సీటువాళ్లకు ఇంకో బాధ్యత కూడా ఉంది. స్టీరింగు ఎడమవైపు ఉంటుంది కాబట్టి మొదటి రెండు రోజులూ మనకు తెలియకుండానే కారు కుడి అంచుకు జరుగుతుంది. కుడి అద్దం, కుడి చక్రాల రిమ్ములు గీసుకుపోయేది ఇందుకే. ‘అంచు దగ్గరైంది’ అని చెప్పే మనిషి పక్కన ఉండాలి. ఇండికేటరు ఎడమచేతి వైపు ఉంటుంది, అలవాటుగా కుడిది లాగితే వైపర్లు తిరుగుతాయి. గుండ్రని కూడళ్లలో మామూలుగా లోపల తిరుగుతున్నవాళ్లదే ముందు హక్కు, మనం ఆగాలి.

ఆటోస్ట్రాడా (టోలు కట్టే ఎక్స్‌ప్రెస్ హైవే) బోర్డులు ఆకుపచ్చ, మామూలు రహదారివి నీలం. వేగం ఆటోస్ట్రాడా మీద 130, వానలో 110, ఊరి బయట రెండు వరుసల రోడ్ల మీద 90, ఊళ్లో 50. కొన్ని భాగాల్లో రెండు కెమెరాల మధ్య సగటు వేగం లెక్కగడతారు కాబట్టి కెమెరా దగ్గర బ్రేకు వేసి లాభం లేదు. ఎక్కేటప్పుడు టికెట్టు తీసుకుని దిగేటప్పుడు డబ్బు కట్టాలి. ఆ టికెట్టు పోతే చివరాఖరి గేటు నుంచి వచ్చినట్టు లెక్కేస్తారు. పసుపు రంగు టెలిపాస్ (మన ఫాస్టాగ్ లాంటిది) వరుసలోకి వెళ్లకండి. చేయి, నాణేల బొమ్మ ఉన్నది నగదుకు, నీలం బోర్డు ఉన్నది కార్డుకు. పొరపాటున పసుపు వరుసలోకి దూరితే వెనక్కి మాత్రం తీయకండి, సహాయం బటన్ నొక్కండి. చీటీ వస్తుంది, 15 రోజుల్లోపు కట్టేయొచ్చు.

డోలమైట్స్ కోసమే ఈ ఐదు రోజుల కారు, కాబట్టి ఒక రోజు మొత్తం కనుమల మీద డ్రైవింగుకే ఉంచండి. ఓర్తిసేయి నుంచి సెల్లా కనుమ, కనాజేయి, పోర్దోయి, అరబ్బా, ఫల్‌జరేగో మీదుగా కోర్తీనా వరకు దాదాపు 85 కిలోమీటర్లు. ఆగకుండా పోయినా రెండు గంటల పైమాటే, ఆగకుండా ఎవరూ పోలేరు. కొండల్లో గంటకు 40 కిలోమీటర్ల లెక్కే వేసుకోండి. పోర్దోయి కనుమ ఎత్తు 2,239 మీటర్లు. అక్కడి నుంచి అరబ్బాకి దిగే తొమ్మిది కిలోమీటర్లలో 33 హెయిర్‌పిన్ మలుపులున్నాయి. తిరుమల ఘాట్ రోడ్డు అలవాటున్నవాళ్లు ఒక తేడా గుర్తుంచుకోవాలి. అక్కడ ఎక్కడానికి ఒక దారి, దిగడానికి ఒక దారి. ఇక్కడ ఒకే రోడ్డు మీద రెండూ. మలుపులో పెద్ద బస్సు మీ వరుసలోకి వచ్చేస్తుంది, అది దాని తప్పు కాదు, వేరే దారి లేదు. మలుపుకు ముందే ఆగి చోటివ్వండి. ఇరుకు చోట దిగేవాళ్లే ఆగి అంచుకు జరగాలి. ఎక్కేవాళ్ల పక్కన ఆగే జాగా ఉంటే మాత్రం వాళ్లు అందులోకి తప్పుకోవాలి. దిగేటప్పుడు రెండో గేరులో ఉంచండి, ఆటోమేటిక్ అయితే మాన్యువల్ మోడ్‌లో. బ్రేకు మీద కాలు ఆనించి ఉంచితే వేడెక్కి, కాలిన వాసన వస్తుంది. వచ్చిందంటే వెంటనే విశాలమైన చోట ఆపి చల్లారనివ్వండి, నీళ్లు పోయకండి.

ఈ కొండ ప్రాంతంలో ఇటాలియన్‌తో పాటు జర్మన్ కూడా వాడతారు, ఊళ్ల పేర్లు జర్మన్‌లో వేరుగా ఉంటాయి. బోల్జానో అంటే బోజెన్, బ్రెస్సనోనే అంటే బ్రిక్సెన్. రెండూ రాసిపెట్టుకోండి. ఆల్పే ది సియుజీ అనే కొండ మైదానం పైకి ఉదయం 9 నుంచి సాయంత్రం 5 వరకు బయటి కార్లను రానివ్వరు, కేబుల్ కారులో వెళ్లండి. త్రే చీమే శిఖరాల దగ్గరికి వెళ్లే టోల్ రోడ్డుకు సీజన్‌లో ముందే ఆన్‌లైన్‌లో బుక్ చేసుకోవాలి. సెప్టెంబరు చివర్లో కనుమల మీద మంచు పడటం అరుదేమీ కాదు, ముందురోజు రాత్రి రోడ్డు పరిస్థితి చూసుకోండి.

పార్కింగులో నీలం గీతలు డబ్బు కట్టేవి, తెల్లవి ఉచితం, పసుపువి మనవి కావు. బోర్డు మీద అడ్డంగా పెట్టిన సుత్తుల బొమ్మ ఉంటే పనిదినాలకు, సిలువ గుర్తు ఉంటే ఆదివారాలు, సెలవులకు ఆ నియమం వర్తిస్తుంది. తెల్ల గీతల్లో కూడా ‘దిస్కో ఒరారియో’ అని ఉంటే వచ్చిన టైము తిప్పిన అట్టను అద్దం దగ్గర పెట్టాలి. అది సాధారణంగా కారులోనే ఉంటుంది.

బంకులో బెంజీనా అంటే పెట్రోలు, గజోలియో అంటే డీజిల్. ‘సెల్ఫ్’ ధర తక్కువ, ‘సెర్వీతో’ ఎక్కువ. కార్డు పెడితే ముందు 100 యూరోల దాకా నిలిపి, తర్వాత వాడినంతే తీసుకుంటుంది, గాభరా పడకండి.

కారు తీసుకున్నప్పుడూ ఇచ్చేటప్పుడూ నాలుగు రిమ్ములు, రెండు అద్దాలు, ముందు అద్దం, ఇంధనం ముల్లు, కిలోమీటర్లు ఫోన్లో వీడియో తీయండి. వెనిస్‌లో ఆఫీసు మూసాక తాళం పెట్టెలో వేయాల్సి వస్తే, కారు ఆపిన గడి నంబరు కూడా ఆ వీడియోలో పడాలి.